తంగేడు: గట్టు మీద విత్తడం నుంచి పువ్వు ఎండబెట్టుకోవడం దాకా

ఫిబ్రవరి ఎండలో తంగేడు పొద పక్కన ఒక్క నిమిషం నిలబడండి. గాలి వీచినప్పుడల్లా ఎండిన కాయలు ఒకదానికొకటి రాసుకుని గలగలమంటాయి. ఆ చప్పుడు వినిపించిందంటే గింజ చేతికి వచ్చిందన్నమాట. తంగేడు పనంతా అక్కడే మొదలవుతుంది. మనం మాత్రం బతుకమ్మ రోజుల్లో పువ్వు కోసం వెతుక్కుంటూ పోతాం, పండగైపోగానే ఆ చెట్టును మరిచిపోతాం.

నేను చెల్క గట్టు మీద తంగేడు విత్తుతుంటే పక్క చేను పెద్దాయన ఆగి చూశాడు. "తంగేడు ఎవలన్న పెడ్తరా బిడ్డా? అదే మొలుస్తది గదా" అన్నాడు. ఆయన చిన్నప్పుడు నిజమే. గుట్టల మీద, బీళ్లలో, బాట పక్కన ఎక్కడ చూసినా తంగేడే ఉండేది. ఇప్పుడు బీళ్లు ప్లాట్లయ్యాయి, గట్లు సన్నబడ్డాయి, మిగిలిన నాలుగు పొదలను పండగకు మొదలంటా విరుస్తున్నారు. తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని పండగ ముందు రోజు మార్కెట్లో కట్టల లెక్కన కొనుక్కుంటున్నాం. అందుకే అదే మొలుస్తుందని ఊరుకోకుండా మనమే విత్తుకోవాలంటాను. విత్తడం, పెంచడం, పొలానికి వాడడం, ఇంట్లో వాడడం, ఎక్కడ ఆగాలి అన్నది నేను చేసిన వరుసలోనే చెబుతాను.

ముందు చెట్టును సరిగ్గా గుర్తుపట్టండి

పసుపు పూలు పూసే చెట్లలో తంగేడును పోలినవి చాలా ఉన్నాయి. కొన్నింటి పేరులో కూడా తంగేడు ఉంటుంది. పేరు చూసి మోసపోతే పొలంలో పెద్ద నష్టం లేదు కానీ, నోట్లో వేసుకునే దగ్గర ప్రమాదం ఉంది.

అసలు తంగేడు శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో కాసియా ఆరిక్యులేటా అని ఉంటుంది. మనిషి ఎత్తుకు అటూ ఇటూగా పెరిగే పొద ఇది. ఒక్కో ఈనెకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులుంటాయి. గుర్తుపట్టడానికి తేలికైన ఆనవాలు ఈనె మొదట్లో కనిపిస్తుంది. అది కొమ్మకు అతుక్కునే చోట చెవి తమ్మెలా గుండ్రంగా, వెడల్పుగా చిన్న ఆకు ఒకటి ఉంటుంది. ఆరిక్యులేటా అన్న పేరు ఆ చెవి వల్లే వచ్చింది. కాయ బల్లపరుపుగా, కాగితంలా పలచగా, వేలంత పొడవుంటుంది. లోపల ఎక్కడెక్కడ గింజ ఉందో పైకే తెలుస్తుంది.

సీమ తంగేడు వేరు. అది రోడ్ల పక్కన నీడ కోసం నాటే పెద్ద చెట్టు. ఈనె మొదట్లో ఆ చెవి ఉండదు. కాయ సన్నగా, జానెడు పొడవుంటుంది. మొదటి ఏడాది నేను ఒక నర్సరీలో తంగేడు అని తెచ్చుకున్న ఇరవై మొక్కలూ సీమ తంగేడే. ఏడాది తిరిగేసరికి తలెత్తి చూడాల్సినంత ఎత్తుకు పోయాయి. అప్పటి నుంచి గింజ నేనే ఏరుకుంటున్నాను.

నేల తంగేడు అంటే సునాముఖి. ఆ ఆకు గట్టి విరేచనకారి. తంగేడు ఆకు అనుకుని దాన్ని కషాయం కాస్తే రోజంతా పడకే.

ఇక కసింద. దీని విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. వానాకాలంలో బీళ్లలో, పెంటకుప్పల పక్కన మొలిచే ఈ మొక్కకు ఆకు నలిపితే చెడు వాసన వస్తుంది. ఆకులు నాలుగైదు జతలే, చివర మొనదేలి ఉంటాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పచ్చి కసింద గింజలు తిన్న చిన్న పిల్లలు కాలేయం, కండరాలు, మెదడు ఒక్కసారే దెబ్బతిని చనిపోయారు. ఏళ్ల తరబడి అంతుచిక్కని మెదడువాపు అనుకున్న జబ్బుకు ఈ గింజలే కారణమని డాక్టర్లు తేల్చారు. తంగేడు చూపిస్తూ పిల్లలకు చెట్లు నేర్పేటప్పుడు కసిందను కూడా చూపించి, ముట్టొద్దని చెప్పండి.

గింజ ఏరడం, మొద్దునిద్ర వదిలించడం

కాయలు గోధుమ రంగుకు తిరిగి, వేళ్ల మధ్య నలిపితే పుటుక్కున విరగాలి. అప్పుడు కోయండి. మా వైపు జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా దొరుకుతాయి. పచ్చికాయ కోసి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది, అది మొలవదు. ఒకే పొద నుంచి కాకుండా ఐదారు పొదల నుంచి తలా కొన్ని తీసుకోండి. పురుగు తొలిచిన కాయలకు చిన్న రంధ్రాలుంటాయి, వాటిని పక్కన పడేయండి. గోనెపట్టా మీద పోసి కర్రతో మెల్లగా కొట్టి, చేటలో చెరిగితే పొట్టు పోయి గింజ మిగులుతుంది. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, వేపాకు వేసిన డబ్బాలో పోసి జూన్ దాకా ఉంచవచ్చు.

చాలామంది ఇక్కడే నిరుత్సాహపడతారు. తంగేడు గింజ పైతొక్క రాయిలా ఉంటుంది, నీళ్లు లోపలికి పోనివ్వదు. నేను మొదటిసారి రాత్రంతా చల్లటి నీళ్లలో నానబెట్టి యాభై గింజలు పెడితే నెల రోజులకు ఆరు మొలిచాయి. మిగతావి తవ్వి చూస్తే పెట్టినవి పెట్టినట్టే, గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. గింజ చావలేదు, నిద్రపోతోంది. అడవిలో ఎండకు, వానకు, రాళ్ల రాపిడికి ఆ తొక్క మెల్లగా అరుగుతుంది. మనకు అంత సమయం లేదు కాబట్టి వేడి నీళ్లతో ఆ పని చేయాలి.

గ్లాసుడు గింజలకు ఐదు గ్లాసుల నీళ్లు తీసుకుని మరిగించండి. పొయ్యి మీద నుంచి దించి రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు గింజలున్న గిన్నెలో ఆ నీళ్లు పోసి, అలాగే చల్లారనిచ్చి రాత్రంతా వదిలేయండి. మరుగుతున్న నీళ్లలో గింజలు వేసి పొయ్యి మీద ఉడికించకూడదు, లోపలి మొలక చచ్చిపోతుంది. తెల్లారి చూస్తే కొన్ని గింజలు ఉబ్బి దాదాపు రెట్టింపు సైజుకు వస్తాయి. వాటిని ఆ రోజే విత్తాలి. ఉబ్బనివాటిని ఏరి గరుకు కాగితం మీద ఒక వైపు నాలుగుసార్లు రుద్ది, మళ్లీ మామూలు నీళ్లలో నానబెట్టండి. గింజకు మొన ఉన్న వైపు మాత్రం రుద్దొద్దు, మొలక వచ్చేది అక్కడి నుంచే. ఈ రెండు పనులూ చేశాక నాకు పదింటికి ఏడు చొప్పున మొలుస్తున్నాయి.

గట్టు మీద విత్తడం

తంగేడుకు ఎర్ర చెల్క, మొరం, రాళ్ల గరప నేలలు ఇష్టం. నీళ్లు నిలిచే చోట మాత్రం వేరు కుళ్లుతుంది. అందుకే వరి మడి మధ్య గట్ల మీద కాకుండా, మెట్ట చేను హద్దు గట్ల మీద పెట్టండి.

తొలకరి పడి, నేల జానెడు లోతు తడిసిన తర్వాత మీటరుకో చిన్న గుంత తీసి, ఒక్కో దాంట్లో ఉబ్బిన గింజలు మూడు వేయండి. అర అంగుళం కంటే లోతుకు పోవద్దు. మొలక వారం పది రోజుల్లో వస్తుంది. నెల తిరిగాక బలమైన మొక్క ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. కవర్లలో నారు పెంచుకుంటే మార్చిలో విత్తి జూన్‌లో నాటాలి. ఆలస్యం చేస్తే కవరు అడుగున వేరు చుట్టుకుపోతుంది. తల్లివేరు నిలువుగా లోపలికి దిగాల్సిన చెట్టు ఇది. వేరు చుట్టుకున్న మొక్క ఎండాకాలం తట్టుకోలేదు.

మొదటి ఏడాది చుట్టూ గడ్డి తీయడం, మార్చి తర్వాత వారానికోసారి చెంబుడు నీళ్లు పోయడం, అంతే పని. ఎరువు అక్కర్లేదు. గొర్రెలు, మేకలు దీన్ని అంతగా ముట్టవు. కంచెకు ఇది పనికొచ్చేది అందుకే. రెండో ఏడాది నుంచి పువ్వు కనిపిస్తుంది.

ఆకుల మీద పచ్చటి గొంగళి పురుగులు కనిపిస్తే మందు కొట్టొద్దు. పొలాల మీద తెల్లగా ఎగిరే సీతాకోకచిలుకలు తంగేడు ఆకు మీద గుడ్లు పెడతాయి. నాలుగు ఆకులు పోతే చెట్టు మళ్లీ చిగురిస్తుంది. పువ్వు దగ్గర ఇంకో ముచ్చట ఉంది. పొద్దున ఏడు గంటలప్పుడు పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో పట్టుకుని జుయ్యిమని ఒళ్లు కదిలిస్తుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి మాత్రమే ఉంటుంది. ఆ పుప్పొడి కూడా కేసరాల చివర ఉన్న చిన్న రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద అలా వణికిస్తేనే ఉప్పు డబ్బాలోంచి ఉప్పు రాలినట్టు రాలుతుంది. గట్టు మీద తంగేడు ఉంటే ఈ తుమ్మెదలు చేను చుట్టూ ఉంటాయి. టమాటా, వంకాయ పూలకు కూడా ఇదే రకం వణుకు మేలు చేస్తుంది.

పొలానికి ఎలా పనికొస్తుంది, ఎలా పనికిరాదు

తంగేడు పప్పుజాతి మొక్క, కాబట్టి వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తుందని చాలాచోట్ల చెబుతుంటారు. ఇది తప్పు. నేనూ కొన్నాళ్లు అలాగే నమ్మాను. ఒకసారి అనుమానం వచ్చి ఆరు నెలల తంగేడు మొక్కను, పక్కనే ఉన్న కంది మొక్కను మట్టి రాలకుండా తవ్వి బకెట్ నీళ్లలో కడిగాను. కంది వేరుకు శనగ గింజంత బుడిపెలు గుత్తులుగా ఉన్నాయి. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించింది. తంగేడు వేరు మాత్రం నున్నగా, నల్లగా, తాడులా ఉంది. ఒక్క బుడిపె లేదు. పప్పుజాతిలో అన్నీ కంది, వేరుశనగల్లాంటివి కావు. తంగేడు, రేల, కసింద ఉన్న శాఖలో చాలావాటికి బుడిపెలు రావు.

మరి ఆకు ఎరువుగా ఎందుకు వేస్తారు? లోతుకు దిగిన వేరు కిందనున్న పోషకాలను పైకి తెచ్చి ఆకులో దాస్తుంది. ఆ ఆకు మడిలో కుళ్లితే అవి పైరుకు అందుతాయి, సేంద్రియ పదార్థం కలిసి నేల మెత్తబడుతుంది. తంగేడు పచ్చిరొట్టను చౌడు మడులకు వేసే అలవాటు దక్షిణాదిలో పాతకాలం నుంచీ ఉంది. దీన్ని జీలుగకు, జనుముకు బదులు అనుకోవద్దు. వాటికి తోడుగా వాడుకోండి. నత్రజని కావాలంటే మడిలో జీలుగ చల్లండి. గట్టు మీద నత్రజని పట్టే చెట్టే కావాలనుకుంటే తంగేడు మధ్య మధ్యలో గిరిపుష్పం కొమ్మలు నాటండి.

లెక్క కూడా చూసుకుందాం. పచ్చి ఆకు ఎరువు ఎకరాకు సుమారు 2 టన్నులు వేయమంటారు. అంటే ఎకరాలో నలభయ్యో వంతైన గుంటకు 50 కిలోలు. నా గట్టు మీద మూడేళ్ల పొద నుంచి ఒక కోతకు రెండు నుంచి మూడు కిలోల లేత కొమ్మ, ఆకు వస్తుంది. రెండు వందల మీటర్ల గట్టు మీద రెండు వందల పొదలుంటే దాదాపు 500 కిలోలు, అంటే పది గుంటలకు సరిపోతుంది. ఎకరం మొత్తానికి రాదు. అందుకే నేను నారుమడికి, మడిలో ఎప్పుడూ పైరు పలచగా ఉండే మూలకు మాత్రమే వాడతాను.

మూడో ఏడాది నుంచి జూన్ చివర, జులైలో కోయండి. మోకాలి ఎత్తులో మోడు వదిలి, వేలి మందం కంటే లావున్న కొమ్మలు పక్కన పెట్టండి. లావు కొమ్మ బురదలో కుళ్లదు, నాటేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటుంది. లేత కొమ్మలు, ఆకులు కరిగెటలో, అంటే నాటు కోసం దమ్ము చేసే మడిలో పరిచి, దున్ని, తొక్కించి, నీళ్లు నిలబెట్టండి. పది రోజుల నుంచి రెండు వారాలు ఆగి నాటు వేయాలి. తొందరపడి మూడో రోజే నాటితే ఆకు కుళ్లే వేడికి నారు పసుపుబారుతుంది. ఏటా ఒకే గట్టు నుంచి కోసుకుపోతుంటే గట్టు నేల కూడా పేదబడుతుంది. అందుకే రాలిన ఆకును అక్కడే వదిలేసి, సగం పొదలు ఒక ఏడాది, మిగతా సగం మరుసటి ఏడాది కోస్తాను.

మెట్ట పంటలకైతే కోసిన కొమ్మలను మామిడి, నిమ్మ పాదుల్లో మూడు నాలుగు అంగుళాల మందాన పరవండి. మొదలుకు తగలకుండా జానెడు దూరం వదలాలి. ఎండాకాలంలో ఆ పొర ఎత్తి చూస్తే కింద మట్టి చల్లగా చేతికి తెలుస్తుంది. పక్కన పెట్టిన లావు కొమ్మలు పొయ్యిలోకి వస్తాయి.

చెక్క సంగతి

తంగేడు చెక్కలో, అంటే బెరడులో, వగరు పదార్థం టానిన్ చాలా ఉంటుంది. పచ్చి తోలును కుళ్లకుండా తోలుగా మార్చేది అదే. ఊళ్లలో లందల్లో తోలు నానబెట్టింది తంగేడు చెక్క నీళ్లలోనే. చివర్లో కరక్కాయ నీళ్లు పట్టించేవారు. మద్రాసు రేవు నుంచి ఇంగ్లాండుకు ఓడల్లో పోయిన తోళ్లకు ఈ చెక్కే ఆధారం. తర్వాత వాటిల్ అనే విదేశీ తుమ్మజాతి చెట్టు బెరడు, క్రోమ్ రసాయనం వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి. ఆ పని చేసిన చేతులను ఊరు అంటరానివిగా చూసింది, కానీ ఊరందరి చెప్పులు, నీళ్లు తోడే తోలు బొక్కెనలు ఆ చేతుల నుంచే వచ్చాయి. చెట్టు గురించి రాస్తూ ఆ మనుషులను వదిలేయడం నాకు సబబుగా అనిపించలేదు.

ఇంకో వాడకం చాలామందికి తెలియదు. సేలం, మైసూరు వైపు ఉక్కు తయారీ గురించి 19వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్లు రాసిపెట్టిన వివరాల్లో మట్టి మూసలో ఇనుము ముక్కలతో పాటు ఎండిన తంగేడు కట్టె వేసి, పైన పచ్చి ఆకులు కప్పి, మూత మెత్తి కొలిమిలో పెట్టేవారని ఉంది. ఆ కట్టె మాడి బొగ్గై ఇనుములో కలిస్తే ఉక్కు తయారయ్యేది. గొర్రె కూడా ముట్టని పొద ఇంత పని చేసింది.

ఇప్పుడు ఇంటి అవసరానికి చెక్క కావాలంటే, నిలబడి ఉన్న చెట్టు నుంచి ఒలవొద్దు. చుట్టూ బెరడు పోతే చెట్టు చచ్చిపోతుంది. కత్తిరించిన లావు కొమ్మల నుంచే తీసి ఎండబెట్టుకోండి. చెంచాడు చెక్క పొడి రెండు గ్లాసుల నీళ్లలో సగమయ్యేదాకా కాచి, వడకట్టి, గోరువెచ్చగా పుక్కిలిస్తే చిగుళ్ల మెత్తదనానికి, నోటి పూతకు ఉపశమనంగా ఉంటుంది. మింగొద్దు, ఉమ్మేయండి. ఊళ్లో లేత తంగేడు పుల్లతో పళ్లు తోమేవారు, అందులోనూ ఈ వగరే పని చేస్తుంది.

పువ్వు ఎండబెట్టడం, ఒంటికి వాడడం

పువ్వు ఎక్కడ కోస్తున్నామన్నది అన్నిటికంటే ముఖ్యం. హైవే పక్కన పొదలు ఎంత నిండుగా పూసినా ఇంటి వాడకానికి కోయొద్దు, పొగ, దుమ్ము అంతా వాటి మీదే ఉంటుంది. పత్తి చేను గట్టు మీదివి అసలే వద్దు. పత్తికి కొట్టే మందు గాలికి గట్టు మీద పడకుండా ఉండదు.

మంచు ఆరాక, ఎండ ముదరకముందు, ఆ పూట విచ్చిన పూలనే కోయండి. నూలు బట్ట మీద పలచగా పరిచి, గాలి ఆడే నీడలో ఉంచండి. మొదటి గంటలో చిన్న చిన్న పురుగులు వాటంతటవే బయటికి పోతాయి, ఆ తర్వాత పూలను ఒకసారి దులపండి. రోజుకు రెండుసార్లు తిరగేయాలి. నాలుగైదు రోజులకు రేకులు చేతిలో నలిపితే గలగలలాడతాయి. కిలో పువ్వు ఎండితే పావుకిలో కూడా మిగలదు. ఎండలో పెడితే త్వరగా ఎండుతుంది కానీ పసుపు పోయి గడ్డి రంగు వస్తుంది. గాజు సీసాలో పోసి, గట్టిగా మూత పెట్టి, ఆరు నెలల్లో వాడేయండి.

నలుగు పిండికి ఇది నాకు చాలా ఇష్టమైన దినుసు. రెండు గ్లాసుల పెసరపిండికి గ్లాసుడు తంగేడు పూల పొడి, రెండు చెంచాల కస్తూరి పసుపు కలిపి జల్లెడ పట్టాలి. వాడేటప్పుడు పెరుగుతోనో నీళ్లతోనో కలుపుకుని రుద్దుకోవాలి. ఎండాకాలం చెమట వాసనకు, చెమటకాయల దురదకు బాగుంటుంది. మా అమ్మ పండగ తలస్నానానికి ఇదే కలిపేది. చిన్న పిల్లలకు వాడే ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒక రోజు ఆగి చూడండి.

పచ్చి ఆకు నూరి బెణుకులకు, వాపులకు కట్టడం మన ఊళ్లలో పాత అలవాటు. బెణుకు వరకు సరే. ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే ముందు ఎక్స్‌రే తీయించుకోండి. గింజల పొడిని కంటి కలకకు వాడడం కూడా పాత వైద్యంలో ఉంది. ఇంట్లో నూరిన పొడి ఏదీ కంట్లో పెట్టొద్దు. కన్ను పోతే తిరిగి రాదు.

కషాయం తాగే ముందు

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గిపోతుందని వీడియోలు చూసి నన్ను అడిగేవాళ్లు చాలామంది. నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతాను.

ఈ నమ్మకం ఊరికే పుట్టింది కాదు. ఆయుర్వేదంలో ఆవర్తకి పేరుతో, తమిళుల సిద్ధ వైద్యంలో ఆవారం పేరుతో మధుమేహానికి దీన్ని వాడుతున్నారు. ఆవారం పూసిన చోట చచ్చేవాళ్లను చూశామా అని తమిళంలో సామెతే ఉంది. శ్రీలంకలో రణవర పేరుతో ఈ పూలను టీలా కాచుకుని తాగుతారు. షుగర్ తెప్పించిన ఎలుకలకు పూల సారం ఇచ్చినప్పుడు రక్తంలో చక్కెర తగ్గిందని ప్రయోగాల్లో తేలింది. కానీ ఎలుకల్లో తేలింది మనుషుల్లో ఎంత మోతాదుకు, ఎంతకాలం, ఎవరికి పనిచేస్తుందో చెప్పదు. పూల టీ చూసుకుని షుగర్ మాత్ర మానేయడం నేను ఎవరికీ చెప్పను.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. శ్రీలంక పరిశోధకులు అక్కడి నాటు మందుల మొక్కలను పరీక్షించి 1981లో రాసిన వ్యాసంలో, కాలేయానికి హాని చేసే పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు తంగేడులో కూడా ఉన్నాయన్నారు. అవి ఒక్క రోజులో కనిపించే విషం కాదు, నెలల తరబడి తీసుకుంటే పేరుకునే రకం. మరో ప్రయోగంలో, మూర్ఛ జబ్బుకు ఇచ్చే కార్బమజిపైన్ మందుతో పాటు తంగేడు టీ ఇస్తే ఆ మందు ఎలుకల రక్తంలో ఉండాల్సిన దానికంటే పెరిగింది. అంటే ఈ టీ వేరే మందుల పనిని మార్చగలదు.

అందుకని నేను పెట్టుకున్న నియమాలు ఇవి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, కాలేయం జబ్బున్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు తాగొద్దు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. రెండూ కలిసి షుగర్ మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. అలా వస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ మందులూ వాడని పెద్దవాళ్లు అప్పుడప్పుడు తాగాలనుకుంటే, గ్లాసుడు నీళ్లలో చిన్న చెంచాడు ఎండు రేకులు వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించి వడకట్టుకోండి. రంగు లేత బంగారంలా ఉండాలి. ముదురు గోధుమ రంగుకు వచ్చిందంటే ఎక్కువ కాచినట్టు, వగరు నాలుక మీద నిలిచిపోతుంది. రోజూ అలవాటుగా మాత్రం పెట్టుకోవద్దు. కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, కడుపు కుడివైపు బరువుగా అనిపించడం ఉంటే ఆపేసి డాక్టర్‌ను కలవండి, ఏం తాగారో దాచకుండా చెప్పండి.

బతుకమ్మకు కోసేటప్పుడు

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. సిబ్బిలో గుమ్మడి ఆకు పరిచి, గునుగు, తంగేడు, బంతి వరుసలు పేర్చేటప్పుడు తంగేడు లేకపోతే ఆ పసుపు నిండుదనం రాదు. కోసేవాళ్లు చేతితో కొమ్మ విరిస్తే బెరడు కింది దాకా చీలుతుంది, ఆ చీలికలోంచి చెద దిగుతుంది. పదునైన కొడవలితో, పూగుత్తికి జానెడు కింద, ఏటవాలుగా కోయండి. ప్రతి పొద మీద మూడో వంతు గుత్తులు వదిలేయండి. ఆ వదిలిన పూలే కాయలవుతాయి, ఆ కాయలే వచ్చే ఏటికి గింజలు.

కోసిన తంగేడు మధ్యాహ్నానికే వాడిపోతుంది. ముందు రోజు సాయంత్రం మొగ్గలు ఎక్కువున్న గుత్తులు కోసి, కాడలు నీళ్లలో ముంచి, పైన తడిబట్ట కప్పి నీడలో పెడితే తెల్లారేసరికి మొగ్గలు విచ్చుతాయి. పేర్చేదాకా తాజాగా ఉంటాయి.

పట్నంలో ఉండి గట్టు లేనివాళ్లు పద్దెనిమిది అంగుళాల కుండీలో కూడా పెంచుకోవచ్చు. అడుగున రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. సగం ఎర్రమట్టి, సగం మొరం ఇసుక చాలు. పైన ఎండ బాగా తగలాలి, నీళ్లు తక్కువ పోయాలి. నాలుగు పూలు పూస్తే అవే నాలుగు మీ బతుకమ్మకు.

గింజలు ఏరేటప్పుడు ఒక పని చేయండి. డబ్బాలో సగం మీకు ఉంచుకుని, మిగతా సగం చిన్న పొట్లాలు కట్టండి. పొట్లం మీద వేడి నీళ్ల పద్ధతి రెండు వాక్యాల్లో రాసి, హద్దు చేను వాళ్లకు ఇవ్వండి. మా పక్క చేను పెద్దాయనకు నేను ఇచ్చిన పొట్లం మొన్నటి తొలకరికి విప్పాడు. ఇప్పుడు ఆయన గట్టు మీద జానెడెత్తు మొక్కలున్నాయి, ప్రతి ఈనె మొదట్లోనూ ఆ చిన్న చెవి ఉంది.